అరవై తలలు, ఒక చెరువుగట్టు

పోయిన నెల ఏలూరులో ఒక సాహిత్య సభకి వెళ్లాను. ఏ సంస్థ, ఏ హాలు అన్నది అనవసరం. అలాంటివి మీరూ చూసే ఉంటారు. శాలువాలు, జ్ఞాపికలు, మధ్యమధ్య మైకు కీచుమనడం, చివర్లో టిఫిను. పదహారో శతాబ్దపు తెలుగు సాహిత్యం మీద మాట్లాడిన పెద్దాయన ఒక మాటన్నారు. యూరప్ వాళ్లు సముద్రాలు గాలిస్తున్న రోజుల్లో మనవాళ్లు పద్యాన్ని గాలించారట. వాళ్లు భూమి గుండ్రమని కనుక్కుంటే మనం మనసు లోతు కనుక్కున్నామట. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, దాచడమెందుకు, వాక్యం బావుంది. (భూమి గుండ్రమని అప్పుడు కొత్తగా ఎవరూ కనుక్కోలేదు. గ్రీకులకీ తెలుసు, ఆర్యభటుడికీ తెలుసు. అది వేరే గొడవ.)

తర్వాత ప్రశ్నల వేళ తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక కుర్రాడు లేచాడు. "ఓడలూ నక్షత్రాలూ కూడా మనకి ముందే తెలుసండీ. వాళ్లు మన దగ్గర నేర్చుకుని మనకే అమ్మారు" అన్నాడు. దానికీ చప్పట్లే. ఇంకాస్త గట్టిగా.

కోపం ఇంటికొచ్చి పడుకున్నాక వచ్చింది. ముందు నా మీద నాకే. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు. మనకి సైన్సు అక్కర్లేకపోయింది అంటుంది ఒకటి. సైన్సంతా మనదే అంటుంది రెండోది. ఒకే జనం పది నిమిషాల తేడాలో రెండింటికీ చప్పట్లు కొట్టగలిగామంటే, లోపల ఆ రెండూ ఒకే మాట అయ్యుండాలి. ఆ కాలంలో ఇక్కడ నిజంగా ఏం జరిగిందో మాకు అనవసరం, అన్నదే ఆ మాట.

ముందు ఓడల సంగతి చూద్దాం. 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా తూర్పు తీరంలో మలింది దాకా వచ్చి ఆగాడు. అక్కణ్నించి అరేబియా సముద్రం ఎలా దాటాలో అతనికి తెలీదు. తెలిసిన మనిషిని ఒకణ్ని మలిందిలో ఎక్కించుకున్నాడు. ఆ మనిషి ఎక్కాక నెల తిరక్కుండా కాలికట్ వచ్చేసింది. కొన్ని పోర్చుగీసు రాతలు అతన్ని గుజరాతీ అన్నాయి. అరబ్బుల నావికశాస్త్రం రాసిన ఇబ్న్ మాజిదే ఆ మనిషి అని చాలా పుస్తకాలు చెప్పాయి, చరిత్రకారులు ఇప్పుడు దాన్ని ఒప్పుకోవడం లేదు. అంటే "భారతదేశానికి సముద్రమార్గం కనుగొనుట" అని మనం బట్టీపట్టిన అధ్యాయంలో, దారి తెలిసినవాడి పేరు లేదు. దారి తెలియనివాడి పేరు మాత్రం బిట్ పేపర్లో వస్తుంది. మాజెలాన్ కథా ఇంతే. 1519లో బయల్దేరినప్పుడు అతని వెంట మలక్కాలో సంపాదించిన బానిస ఉన్నాడు, ఎన్రికే అని పేరు పెట్టుకున్నారు. ఓడలు ఫిలిప్పీన్స్ చేరాక అక్కడి జనంతో మాట కలిపింది అతనే. 1522లో భూమిని చుట్టి స్పెయిన్‌కి తిరిగొచ్చింది 18 మంది అని లెక్క రాశారు. ఎన్రికే ఆ లెక్కలో లేడు.

ఇక నక్షత్రాలు. ఇక్కడ గూడెం కుర్రాడి మాటలో సగం నిజం ఉంది. కేరళలో నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో తంత్రసంగ్రహం ముగించాడు. బుధుడూ శుక్రుడూ ఎలా తిరుగుతున్నారన్న లెక్కని దిద్దాడు. కోపర్నికస్ చేతిరాత పుస్తకం స్నేహితుల మధ్య తిరగడం మొదలైంది 1514 ప్రాంతంలో, పెద్ద పుస్తకం అచ్చయింది 1543లో. అంటే ఇద్దరూ ఒకే ఆకాశం కింద కూర్చుని ఒకే చిక్కుతో కుస్తీ పట్టారు. ఒకరి నుంచి ఒకరు కొట్టేశారనడానికి ఆధారం లేదు. లేకపోయినా ఫార్వర్డులు ఆగవు. నా ప్రశ్న వేరే. ఆ లెక్క "మనది" అంటున్నాం కదా, మనం అంటే ఎవరం? నీలకంఠుడి సంస్కృతం ఆ రోజుల్లో కొల్లేటి గట్టు మీద ఎంతమందికి అందింది? తెలుగులో గణితం లేదా అంటే ఉంది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ పేరు విన్నవాళ్లలో మల్లన పేరు విన్నవాళ్లు ఎందరో మీరే చెప్పండి. గర్వం ఉన్నంత చదువు లేదు మనకి.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

కృష్ణదేవరాయలు 1513లో గజపతుల మీదికి బయల్దేరాడు. ఉదయగిరి అయ్యాక 1515లో కొండవీడు, తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం. 1516లో సింహాచలం. పటం తెరిచి చూడండి. కొండపల్లి నుంచి రాజమండ్రి వెళ్లాలంటే కొల్లేటికి ఉత్తరంగా, ఏలూరు పక్కనుంచే పోవాలి. కిందికి దిగితే నీళ్లూ ఊబీ. ఆముక్తమాల్యద అవతారికలో ఆ దండయాత్ర మధ్యలోనే రాయలు బెజవాడ నుంచి శ్రీకాకుళం వెళ్లడం, ఏకాదశి ఉపవాసం ఉండటం, ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమనడం ఉన్నాయి. ఆ కల మనందరికీ కంఠతా వచ్చు. అంత సైన్యం, ఏనుగులు, గుర్రాలు, బళ్లు తమ్మిలేరునీ గోదావరినీ ఏ రేవులో దాటాయి? నీళ్లు ఏ నెలలో తగ్గుతాయో ఎవరు చెప్పారు? దాని గురించి మనకి ఒక్క పద్యం కూడా గుర్తులేదు. మలింది మనిషిలాగే ఇక్కడా దారి చెప్పినవాడు ఒకడు ఉండే ఉంటాడు.

ఆ రాయల దగ్గరికే 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు వచ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్లకి గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాశాడు. వాళ్ల రాతప్రతి పారిస్‌లో పడుంటే 1897లో లిస్బన్‌లో అచ్చయింది. 1900లో రాబర్ట్ సీవెల్ దాన్ని ఇంగ్లీషు చేశాక మనకి తెలిసింది. విజయనగరం వజ్రాలు రాశులు పోసి అమ్మారని, రాజు పొద్దున్నే నూనె తాగి కుస్తీ పట్టేవాడని మనం చెప్పుకునే ముచ్చట్లన్నీ ఈ పుస్తకంలోంచే. అదే పుస్తకంలో ఒక చెరువు కథ ఉంది. దాని ఊసు సభల్లో నేనెప్పుడూ వినలేదు.

ఈనాటి హోస్పేట దగ్గర రాయలు ఒక పెద్ద చెరువు కట్టించాడు. రెండు కొండల మధ్య గట్టు. పనిని తన దళవాయులకి వాటాలేసి ఇచ్చాడు, ఎవరి వాటాలో కూలీలు పని చేస్తున్నారో లేదో చూసుకోవడం వాళ్ల పూచీ. అక్కడ పదిహేను, ఇరవై వేలమంది చీమల్లా పని చేస్తుంటే చూశానని పేస్ రాశాడు. కాళ్ల కింద నేల కనబడనంత జనమట. ఆ గట్టు రెండు మూడుసార్లు తెగింది. రాజు బ్రాహ్మణుల్ని అడిగాడు. దేవుడికి కోపం వచ్చింది, మనుషుల నెత్తురూ గుర్రాల నెత్తురూ దున్నపోతుల నెత్తురూ కావాలన్నారు. గుడి వాకిట్లో అరవైమంది తలలు నరికించారు. న్యూనిజ్ కూడా ఇలాంటి కథే చెప్తాడు, అతని రాతలో నరికింది మరణశిక్షకి తగిన ఖైదీలని. లెక్క ఎలా వేసుకున్నా చెరువు కోసం తలలు తెగాయని ఇద్దరూ రాశారు.

న్యూనిజ్ ఇంకో ముచ్చట రాశాడు. ఈ చెరువు కోసం గోవా గవర్నరు పంపిన రాతిపనివాడు ఒకడు వచ్చాడు, జోవావ్ డెల్లా పోంటె అని. అతను సున్నం కావాలన్నాడట. రాయలు పకపకా నవ్వాడట, ఇక్కడ ఇల్లు కట్టడానికే సున్నం సంగతి తెలియదని న్యూనిజ్ వ్యాఖ్య. నాకు ఈ నవ్వు దగ్గర ఎప్పుడూ ఆగిపోవాలనిపిస్తుంది. మన దగ్గర సున్నం తెలియకపోవడమేంటి, హంపీలో సున్నపు గచ్చు ఉంది కదా. ఆ నవ్వుకి ఇంకో అర్థం ఉండొచ్చు. మట్టిగట్టుకి కావాల్సింది సున్నం కాదు. బంకమట్టి పొరపొరగా పోసి తొక్కించడం, నీటి వైపు రాళ్లు పేర్చడం, తూము ఎక్కడ పెట్టాలో తెలియడం. దక్కనులో చెరువులు కట్టే వాళ్లకి అది తరాల విద్య. ఆ ఇరవై వేలమందిలో ఆ విద్య తెలిసినవాళ్లు వందల్లో ఉండి ఉంటారు. గట్టు ఎందుకు తెగిందో వాళ్లని అడిగారా? అడిగితే ఏం చెప్పారు? పేస్ రాయలేదు, న్యూనిజ్ రాయలేదు, మన కవులెవరూ రాయలేదు. బ్రాహ్మణుల జవాబు రికార్డయింది. పరదేశి మేస్త్రీ అడిగిన సున్నం రికార్డయింది. (మేస్త్రీ అన్న మాటే పోర్చుగీసు నుంచి వచ్చింది, అల్మారా, ఇస్త్రీ, అనాసలాగా.) మట్టి మోసినవాడి జవాబు ఒక్కటే లేదు. చివరికి గట్టు నిలబడింది. నిలబడ్డాక పేరు నెత్తురుకి వచ్చింది.

ఆ నీళ్ల కింద సాగు చేసుకున్న వాళ్లకి తొమ్మిదేళ్లు పన్ను లేకుండా భూములిచ్చాడట రాయలు, ఆ తర్వాత ఏటా 20,000 పర్దావుల ఆదాయం. మంచి పనే. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం రాజనీతిలో ఉన్నదీ ఇదే: దేశం చిన్నదైనా చెరువులూ కాలువలూ తవ్వించి, పేద రైతుకి పన్ను తగ్గిస్తే ధర్మమూ అర్థమూ రెండూ పెరుగుతాయని. పరదేశం నుంచి వచ్చే గుర్రాల వర్తకుల్ని ఎలా మంచి చేసుకోవాలి, రేవుల్ని ఎలా చూసుకోవాలి, తుఫానుకి కొట్టుకొచ్చిన నావికుల్ని ఎలా ఆదుకోవాలి, అన్నీ ఉన్నాయి. అంటే సభలో పెద్దాయన చెప్పినట్టు మనవాళ్లు సముద్రం వైపు చూడకుండా పద్యాన్ని మాత్రమే చూడలేదు. పద్యంలోంచే సముద్రాన్ని చూశారు. సముద్రం మీద పద్యాలుండగా, అవి చదవకుండానే, మనకి పద్యమే తెలుసని మురిసిపోతున్నాం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. తెలుగు ఎం.ఏ. క్లాసులో చెరువుల పద్యం చెప్పిన రోజే పేస్ రాసిన ఆ అరవై తలల పేజీ కూడా చదివించండి. రెండూ ఒకే మనిషి గురించి. పద్యం రాసిన చెయ్యీ ఆజ్ఞ ఇచ్చిన చెయ్యీ ఒకటే.

ఈ మాట ఒక మిత్రుడితో అంటే, "ఆ కాలం అలాంటిది, ఇవాళ్టి కళ్లతో చూడకూడదు" అన్నాడు. ఈ సమాధానం నాకు అసలు నచ్చదు. ఇవాళ్టి కళ్లతో చూడకూడదంటే భువనవిజయాన్నీ చూడకూడదు కదా. పద్యాలు వింటున్నప్పుడు ఇవాళ్టి చెవులు పనికొస్తాయి, తలలు లెక్కపెట్టేటప్పుడు ఇవాళ్టి కళ్లు పనికిరావా? రాయలొక్కడే క్రూరుడని నేననడం లేదు. ఆ ఏళ్లలో గోవాలో అల్బుకెర్క్ చేసింది చదివితే నిద్ర పట్టదు. కానీ అల్బుకెర్క్‌కి మా ఊళ్లో విగ్రహం పెట్టరు, ఉగాదికి పద్యాలు పాడరు.

కొల్లేటికి కూడా ఇలాంటి కథే ఒకటి ఉంది. కైకలూరు వైపు కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి తెలిసినవాళ్లకి ఇది తెలుసు. చుట్టూ నీళ్లున్న ఆ లంకలో ఒరిస్సా గజపతుల కోట ఉండేదట. శత్రువు వచ్చి చిగురుకోట దగ్గర విడిది చేశాడు, నీళ్లు దాటి కోట మీదికి రాలేకపోయాడు. సరస్సులో నీళ్లు సముద్రంలోకి పోయేలా కాలువ తవ్వించాడు. అదే ఉప్పుటేరు. ఈ కథలోనే గజపతుల సేనాని గెలుపు కోసం తన కూతుర్ని బలి ఇచ్చాడు, అందుకే ఆ కాలువకి పేరంటాల కనమ అని పేరు వచ్చిందంటారు. చెప్పే నోటిని బట్టి కథ మారుతుంది. కాలువ తవ్వినవాడే బలి ఇచ్చాడా, కోటలో ఉన్నవాడా అన్నది ఎవరూ సూటిగా చెప్పరు. కూతురు చనిపోవడం మాత్రం అన్ని కథల్లోనూ ఉంది.

చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్తే భయమేసేది. ఇప్పుడు వింటే రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, ఈ కథ కట్టినవాళ్లకి కొల్లేరు బాగా తెలుసు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఎన్ని వచ్చి పడినా నీళ్లు బయటికి పోయే దారి ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. ఆ ముఖం వెడల్పు చేస్తే కొల్లేరు దిగుతుంది, మూస్తే ఊళ్లు మునుగుతాయి, మరీ తెరిస్తే వేసవిలో పోటుకి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. కొల్లేటి మీద ఇవాళ్టి దాకా వచ్చిన ఇంజనీరింగ్ చర్చంతా దీని చుట్టూనే. శత్రువు యుద్ధ వ్యూహంగా చెప్పిన కథలో ఆ సరస్సు హైడ్రాలజీ మొత్తం ఉంది. ఏరుని నిజంగా ఎవరో తవ్వారని నేను నమ్మను, కానీ అలా తవ్వితే ఏమవుతుందో తెలిసినవాళ్లే ఆ కథ అల్లారని నమ్ముతాను. రెండోది, అంత తెలివైన కథకి కూడా ఆడపిల్ల చావు లేకుండా ముగింపు దొరకలేదు. హోస్పేట గట్టుకీ కొల్లేటి కాలువకీ మధ్య ఐదారువందల కిలోమీటర్లు. నీటిపని చేసినవాడి తెలివిని చెరిపేసి ఆ చోట బలిని రాసుకునే అలవాటు రెండు చోట్లా ఒకటే. పేరంటాలుకి గుడి కడతాం, పేరంటానికి పిలుస్తాం, పసుపు కుంకుమ ఇస్తాం. ఆ పిల్ల పేరేంటని అడగం.

మొన్న సంక్రాంతికి అక్కడికి వెళ్లాను, ఒక ముసలాయన దోనె మీద. ఆయన వడ్డివాళ్ల మనిషి. "మావోళ్లు గజపతిరాజుతో ఒడిసా నించి వచ్చారంట బాబూ" అన్నాడు. సైనికులా తాతా అంటే, "అంటారు. తెడ్డేసినోడు కూడా సైన్యమేగా" అని నవ్వాడు. గూడబాతుల్ని చూపించాడు. ఏ గాలికి ఏ వైపు గుర్రపుడెక్క కొట్టుకొస్తుందో చెప్పాడు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క అని నేను చెప్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "రూప్‌చందూ అక్కడిదేనంటగా" అన్నాడు. నిజమే, అమెజాన్ చేప. వనామీ రొయ్య పసిఫిక్ తీరపు మెక్సికో, పెరూలది, 2009లో మన దేశంలోకి అనుమతించారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ పక్కన పకోడీల బండి దగ్గర నిలబడి చూడండి, ఆ పచ్చిమిరప పోర్చుగీసు ఓడల వెనకాల వచ్చింది. ఏలూరు చుట్టుపక్కల కొబ్బరితోటల్లో పెంచుతున్న కోకో, చింతలపూడి వైపు మొక్కజొన్న, జంగారెడ్డిగూడెం పొగాకు, అన్నీ అట్లాంటిక్ అవతలివే. పదహారో శతాబ్దంలో మొదలైన ఆ సరుకుల రవాణా ఇంకా ఆగలేదు, మా మండలంలో అయితే ఇప్పుడే ఊపు మీదుంది. ఇదంతా సొంత కళ్ల ముందు పెట్టుకుని "యూరప్ వాడు సముద్రం, మనం పద్యం" అని ఎలా అనగలిగాం?

ఆ కాలపు ఇంకో వస్తువు కూడా మా దగ్గర బతికే ఉంది: పటం మీద గీత. 1494లో స్పెయిన్, పోర్చుగల్ టోర్డెసిల్లాస్‌లో కూర్చుని కేప్ వెర్డె దీవులకి పడమరగా 370 లీగుల దూరంలో ఒక గీత గీసి, దొరికిన ప్రపంచాన్నీ దొరకని ప్రపంచాన్నీ పంచేసుకున్నాయి. సముద్రం మీద రేఖాంశం కొలవడం అప్పటికి ఎవరికీ చేతకాదు. గీత అవతలివైపు ఎక్కడ పడుతుందో తేలక 1529 దాకా కొట్టుకున్నారు. ఆ గీత కింద బతుకుతున్నవాళ్లకి కబురు కూడా అందలేదు.

కొల్లేటి గీత పేరు ప్లస్ ఐదు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు. 2006లో గీత లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ దాన్ని ప్లస్ మూడుకి కుదించాలని తీర్మానం చేసింది. ప్లస్ మూడు అంటే 135 చదరపు కిలోమీటర్లు, సగం కూడా కాదు. గీత వద్దని నేనడం లేదు. చెప్పేస్తున్నాను, గీత ఉండాలి, ఐదు దగ్గరే ఉండాలి. బుడమేరు నీళ్లకి చోటు కావాలి, 2024 సెప్టెంబరులో బెజవాడ మునిగినప్పుడు అది అందరికీ తెలిసింది. కొలత మీద నాకు కోపం లేదు. ఆ గీత ఎవరి ఇంటి మీద ముందు పడుతుందన్న దాని మీద కోపం. 1970ల్లో మత్స్యకారుల సంఘాల పేరున చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత వాటిని లీజులకి తీసుకుని గట్లు పెంచుకుంటూ పోయింది డబ్బున్నవాళ్లు. గట్లు పేలినప్పుడు లీజుదారు ఇంకో చోటికి పోయాడు. సంఘం సభ్యుడికి పోవడానికి చోటు లేదు.

డబ్బున్నవాళ్లు అని దూరంగా అనేస్తున్నాను కానీ, మా మావయ్య కూడా ఆ లీజుదారుల్లో ఒకడు. నా ఇంజనీరింగ్ ఫీజు చెరువు డబ్బే. నేను హైదరాబాదులో కూర్చుని కొల్లేటి మీద బాధపడుతూ రాసే కవితల వెనక శీలావతి, బొచ్చె మేత లెక్కలున్నాయి. ఈ వ్యాసం చదివి మీరు నన్ను తిట్టుకుంటే న్యాయమే. కానీ కొల్లేటి మీద కవితలు రాసేవాళ్లలో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తామరలు, కొంగలు, అమ్మమ్మ చేతి చేపల పులుసు, ఇవి తప్ప మన కవిత్వంలోకి ఏమీ రావు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత పురుగుమందుల అవశేషాలన్నారు. ఊరంతా నెలరోజులు వణికి మర్చిపోయింది. దాని మీద తెలుగులో వచ్చిన కథలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా నా కంటపడలేదు. అదే వారం ఏలూరులో స్వర్ణయుగం మీద ఒక వెబినార్ జరిగింది, అది మాత్రం నాకు బాగా గుర్తు, ఎందుకంటే చూసినవాళ్లలో నేనొకణ్ని.

మావయ్యని అడిగాను, "ప్లస్ ఐదు ఎక్కడ మావయ్యా?" అని. తువ్వాలు భుజం మీంచి తీసి దులిపి ఒక తుమ్మచెట్టు వైపు చూపించాడు. "ఎలక్షన్ ముందు దాని అవతల ఉండేదిరా అల్లుడూ, ఇప్పుడు ఇవతలికొచ్చింది" అన్నాడు. ఆయన జోకుకి నవ్వాలో లేదో తెలీలేదు. చెట్టు దగ్గర రాయి లేదు, బోర్డు లేదు. కాగితం ఉందట, చూడ్డానికి ఏలూరు వెళ్లాలట, అడిగినవాడి పేరు రాసుకుంటారట.

దోనె తాత దగ్గర కాగితం లేదు. వెనక్కొచ్చేటప్పుడు గెడ నీళ్లలో దించి తీసి చూసుకున్నాడు. "పోయినేడు పండక్కి ఇక్కడ మూడు మూరలు. ఇయ్యేడు రెండున్నర. అడుగున మెత్తన పెరిగింది" అన్నాడు. ఏళ్లతరబడి ఇలా చూస్తున్నావా అంటే, నాన్న చూసేవాడు, ఆయన నాన్న చూసేవాడు అన్నాడు. ఎవరైనా ఎప్పుడైనా రాసుకున్నారా అని అడిగాను. "సర్వేవాళ్లు వచ్చి యంత్రం పెట్టుకుంటారు బాబూ, మమ్మల్నేం అడుగుతారు. దోనె మాత్రం మాదే ఎక్కుతారు."

నేను ఫోన్ తీసి ఆ రెండు లెక్కలూ తారీకుతో సహా రాసుకున్నాను. పక్కన పెట్టడానికి ఆయన పేరు అడిగాను. గెడ పట్టుకున్నవాడు ఆగి నా వైపు అనుమానంగా చూశాడు.

"ఏ స్కీముకి బాబూ?"